రాకర్ షాఫ్టును సుత్తితో దింపకండి

మలేషియాలో మన ఇళ్ళలో చాలా చోట్ల ఒక కప్చాయ్ ఉంటుంది. అది పాత హోండా ఈఎక్స్‌5 అయితే కుర్రాళ్ళ చేతులు ఊరుకోవు. 97 సీసీ ఇంజనుకి పెద్ద వాల్వుల హెడ్డు ఏదో బయట కంపెనీది కొనుక్కొస్తారు. చూడడానికి తళతళలాడుతుంది. తీరా బిగించబోతే రాకర్ షాఫ్ట్ దూరదు, లేదా వదులుగా జారిపోతుంది.

కామ్ తిరిగినప్పుడు రాకర్ తూగుడుబల్లలా ఊగి వాల్వును నొక్కుతుంది. ఆ తూగుడుబల్లకి ఇరుసు ఈ షాఫ్ట్. సుమారు 10 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ. దానికీ రంధ్రానికీ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్క. కాబట్టి కంటితో చూసి తేల్చే పని కాదు. షాఫ్టును మైక్రోమీటరుతో కొలవండి. ముందుగా కంపెనీ షాఫ్ట్ ఒకటి తెచ్చి అందులో పెట్టి చూడండి. అది సరిగ్గా కూర్చుంటే హెడ్డు మంచిదే, దాంతో ఇచ్చిన షాఫ్టే నాసిరకం.

బిగుతుగా ఉందని సుత్తి అందుకుంటారు, అదే వద్దంటున్నాను. అల్యూమినియం గీసుకుపోయి షాఫ్ట్ సగంలో ఇరుక్కుంటుంది. షాఫ్టును గరుకు కాగితంతో అరగదీయడమూ తప్పే, పైనున్న గట్టి పొర పోతుంది. కొంచెమే బిగువైతే హెడ్డును మరిగే నీళ్ళలో వేడిచేయండి. 30 డిగ్రీల నుంచి 100కి వెళ్తే 10 మిల్లీమీటర్ల రంధ్రం 0.016 దాకా పెద్దదవుతుంది. చల్లటి షాఫ్ట్ అప్పుడు వేలితో నొక్కితే దిగాలి. (అమ్మగారి ఇడ్లీ గిన్నె మాత్రం వాడకండి, తర్వాత నన్ను తిట్టుకుంటారు.)

వేడికీ లొంగకపోతే రెండు గోడల్లోని రంధ్రాలు ఒకే వరుసలో లేవన్నమాట, లేదా రంధ్రమే చిన్నది. 10 మిల్లీమీటర్ల హెచ్‌7 చేతి రీమరు, రెండు గోడల్లోంచీ ఒకేసారి పోయేంత పొడుగుది తీసుకుని, నూనె వేసి ఒకే దిక్కుకి మెల్లగా తిప్పాలి. వెనక్కి తిప్పితే రీమరు అంచు పాడవుతుంది. అయితే ఒక మాట. రీమరు పెట్టాక ఆ హెడ్డును దుకాణంవాడు వెనక్కి తీసుకోడు. డబ్బు వాపసు అడగాలంటే అంతకు ముందే అడగండి. నా మట్టుకు నేను ముందు అదే చేస్తాను.

వదులైతే చిక్కు ఎక్కువ. షాఫ్ట్ రంధ్రంలో ఊగుతూ అల్యూమినియాన్ని తినేస్తుంది, ట్యాపెట్ సందు ఎన్నిసార్లు సరిచేసినా నిలవదు, టిక్ టిక్ చప్పుడు తగ్గదు. వేడెక్కితే అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెట్టింపు సాగుతుంది కనుక వదులు ఇంకా పెరుగుతుంది. రంధ్రం చుట్టూ పంచ్‌తో గాట్లు కొట్టడం, జిగురు పూయడం నాలుగు రోజుల ముచ్చట. లావు షాఫ్ట్ వేద్దామంటే రాకర్ రంధ్రమూ పెద్దది చేయాలి. లేత్ షాపులో కంచు బుష్ వేయించి కొలతకి రీమ్ చేయించడమే మేలు. పాత రంధ్రంలో నూనె దారి ఉంటే బుష్‌లోనూ అక్కడే తొలిపించాలి. అది మూసుకుపోతే రాకర్ ఎండిపోయి పట్టేస్తుంది. హైవే మీద మీవాడు వెళ్తుండగా అది జరగకూడదు.

చివరికి రజను పోయేలా హెడ్డు కడిగి, నూనె రాసి బిగించండి. రాకర్ వేలితో తేలిగ్గా ఊగాలి, పైకీ కిందకీ కదలకూడదు. వాల్వు కొనకి మార్కరు రంగు పూసి ఇంజను చేత్తో తిప్పితే రాకర్ రాసుకున్న గీత మధ్యలో పడాలి. ఆ తర్వాతే ట్యాపెట్ సందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మాన్యువల్‌లో ఉన్న కొలతకి.