తిరుణాలలో మన అంగడి ఎక్కడ?

 

సంస్కృతి మీద నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. ఆటపాటల గురించి చెప్పేవాళ్లు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. మేము ఆళ్లగడ్డ, నంద్యాల చుట్టుపక్కల తిరుణాలల్లో అంగడి పెట్టుకునేవాళ్లం. నలుగురు ఆడవాళ్లం, ఇద్దరు మగపిల్లలు. తేనె, చింతపండు, కుంకుడుకాయలు, శీకాయ, చీపుర్లు అమ్ముతాం. కాబట్టి అంగడి సంగతే చెప్తాం. మాటల్లో కొంచెం కోపం కనబడితే ఏమీ అనుకోకండి.

అహోబిలం స్వామి మన ఇంటి అల్లుడు. ఇది మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి కనుమ నాడు పార్వేట మొదలుపెట్టి, తన పెళ్లికి తానే పిలవడానికి పల్లకీలో బయలుదేరతాడు. 40 రోజులకు పైగా, 30కి పైగా ఊళ్లు తిరుగుతాడు. ఆ రోజు మనవాళ్లు విల్లు ఎక్కుపెట్టి బాణం వేస్తే జనం చేతులు జోడిస్తారు. ఫోన్లు పైకి లేస్తాయి. అంతవరకు బాగానే ఉంది. అదే మనిషి విల్లు పక్కన పెట్టి రెండు తేనె సీసాలు పట్టుకుని కూర్చుంటే, "ఏయ్, దారికి అడ్డం, లేయ్" అంటారు. అల్లుడి ఊరేగింపులో ముందుండే మనం అల్లుడి తిరుణాలలో వెనక ఉంటాం. మా బాధంతా ఇక్కడే ఉంది.

ఎంత వెనక అంటారా? ఒక తిరుణాలలో (ఊరు పేరు చెప్పం) మాకు చూపించిన చోటు జనరేటర్ పక్కన. పొగ, మోత. గిరాకీ వచ్చి ధర అడిగితే మేము వేళ్లతో చూపించాల్సి వచ్చింది. ముందు వరసంతా ప్లాస్టిక్ బొమ్మలు, గాజులు, మిఠాయి అంగళ్లు. వాళ్ల మీద మాకు పగ లేదు, వాళ్లూ మనలాగే ఊరూరా తిరిగి బతికేవాళ్లు. కానీ వాళ్లు పది రోజుల ముందే వచ్చి మాట్లాడుకుని, తాడు కట్టి పోతారు. మనం తిరుణాల నాడు పొద్దున ఆటో దిగుతాం. మూటలు నెత్తిన పెట్టుకుని, ఖాళీ ఎక్కడుందా అని తిరుగుతాం.

ఇక ఖర్చులు. ఆ రెండు రోజుల లెక్క చెప్తాం, రాసుకున్నాం కాబట్టి గుర్తుంది. పోను రాను ఆటో 1,400. టార్పాలిన్ బాడుగ 300. రాత్రికి బల్బు ఒకటి, 200. ఆశీలు, మన పక్క కొందరు జకాతి అంటారే అది, రోజుకు 150 చొప్పున 300. ఆరుగురికి తిండి, నీళ్లు 900. మొత్తం 3,100. వచ్చిన డబ్బులు 5,250. మిగిలింది 2,150. ఆరుగురు, రెండు పగళ్లు, ఒక రాత్రి. పంచుకుంటే మనిషికి 360 కూడా రాలేదు. అందులో తేనె తీయడానికి అడవిలో పడ్డ కష్టానికి కూలి కట్టనే లేదు. ఆ రాత్రి సరుకు దగ్గర వంతులవారీగా మేలుకున్నాం. ఆడవాళ్లం చీకటి పడ్డాక మరుగుకు పోవడానికి ఎంత దూరం నడిచామో ఇక్కడున్న చెల్లెళ్లకు వేరే చెప్పాలా?

ఆశీలు వేలం పాడుకున్నాయన మనుషులు ఆ ఊళ్లో మధ్యాహ్నం ఒకసారి వచ్చి తీసుకున్నారు, సాయంత్రం వేరే ఇద్దరు వచ్చి మళ్లీ అడిగారు. చీటీ చూపించాం. చీటీ ఉంది కాబట్టి పోయారు. పక్కన చీపుర్ల ముసలమ్మ దగ్గర చీటీ లేదు, రెండోసారి కట్టింది.

తేనె దగ్గర ఇంకో తిప్పలు. "ఇది అసలుదేనా?" అని అడగని మనిషి లేడు. అడగడం తప్పు కాదు. బెల్లం పాకంలో మైనం ముక్క వేసి, మన వేషం వేసుకుని రోడ్డు పక్కన అమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్ల మోసానికి జవాబు మనం చెప్పాల్సి వస్తోంది. జనం చేసే పరీక్షలు చూస్తే నవ్వొస్తుంది. గ్లాసు నీళ్లలో వేస్తారు, అడుగుకు దిగితే అసలుదట. చిక్కటి చక్కెర పాకం కూడా అడుగుకే దిగుతుంది. అగ్గిపుల్ల ముంచి గీస్తారు, కాగితం మీద బొట్టు వేస్తారు. కుక్క ముట్టదని ఒకాయన కుక్కను వెతకడానికి పోయి మళ్లీ రాలేదు.

నిజం ఏమిటంటే మన పెద్ద తుట్టె తేనె పల్చగా ఉంటుంది, అందులో తేమ ఎక్కువ. సీసాలో నిలవ ఉంటే నురగ కడుతుంది, కొంచెం పులుపు తిరుగుతుంది. కొన్ని తేనెలు చలికి పేరుకుంటాయి. అంగడి తేనె ఎప్పుడూ ఒకే రంగులో మెరుస్తుంటే, మనది పువ్వును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఈ ముక్క మేము వంద మందికి చెప్పి ఉంటాం. వాళ్లు విన్నది పది మంది. మీరు చదువుకున్నారు, పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి పెడితే మా గొంతు మిగులుతుంది. ఇంకో మాట, తేనె ఎక్కువగా చేతికొచ్చేది ఎండాకాలంలో. పార్వేట, శివరాత్రి, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, అన్నీ దానికి ముందే అయిపోతాయి. జనం ఉన్నప్పుడు సరుకు తక్కువ, సరుకు ఉన్నప్పుడు జనం ఉండరు. తేమ తగ్గించి గాజు సీసాలో శుభ్రంగా నిలవ పెట్టడం నేర్చుకుంటేనే ఏడాది తర్వాత అమ్మగలం. ఖాళీ మందు సీసాల్లో పోసి తెస్తే ఎవరు నమ్ముతారు?

స్కాన్ గురించి కూడా చెప్పాలి. కొండ కింద వేల మంది చేరితే సిగ్నల్ ఉండదు. గిరాకీ ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. "వెళ్లిపోయిందమ్మా" అని ఫోన్ చూపించి సీసా పట్టుకుపోతారు. రెండు సీసాల డబ్బులు ఇప్పటికీ రాలేదు.

చట్టం లేదా అని మీరు అడుగుతారు. ఉంది, కానీ ఎక్కడ ఉందో చూడండి. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల్లో అది పనిచేస్తుంది. వీధిలో అమ్ముకునేవాళ్లను లేపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. గుర్తింపు పత్రాలు ఇచ్చేటప్పుడు షెడ్యూల్డ్ తెగలవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి. అయితే ఆ చట్టం పట్టణాలకే. తిరుణాలలు ఎక్కువగా జరిగేది పంచాయతీల్లో.

పోనీ, 1996లో వచ్చిన పెసా చట్టం గిరిజన గ్రామాలకు సంతల మీద అధికారం ఇచ్చింది కదా అంటారు. అది షెడ్యూల్డ్ ప్రాంతాలకు మాత్రమే. కృష్ణకు అవతల, అమ్రాబాద్ వైపు చెంచు ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. ఇవతల మన నల్లమల ఊళ్లు లేవు. ఒకే అడవి, ఒకే జనం, నది దాటితే హక్కు మారిపోతుంది. రెండు చట్టాల మధ్య సందులో మన అంగడి ఉంది.

మనకు గట్టిగా ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం. తేనె, మైనం, గడ్డలు, వేర్లు లాంటి చిన్న అటవీ ఫలసాయం ఏరుకునే హక్కే కాదు, దాని మీద యాజమాన్యం, అమ్ముకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. 2012లో నియమాలు సవరించి శుద్ధి చేసుకోవడం, నిలవ పెట్టుకోవడం, అడవి బయటికి తీసుకుపోయి అమ్ముకోవడం కూడా అందులోకే వస్తాయని స్పష్టం చేశారు. దారిలో ఎవరైనా ఆపితే ఈ మాట చెప్పండి. గొడవ పడకండి, చట్టం పేరు, సంవత్సరం చెప్పండి. మేము మూట దించి ఏడవడం చూసి పెరిగారు మీరు, ఇక చాలు.

పని గురించి చెప్పి ముగిస్తాం. చిన్న వ్యాపారులకు ఆహార వ్యాపార రిజిస్ట్రేషన్ ఉంది. దాని నంబరు సీసా మీద ఉంటే సగం అనుమానం పోతుంది. తక్కెడకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవాలి. ఆశీలు చీటీ ప్రతిసారీ అడిగి తీసుకోవాలి, దాని మీద తేదీ, మన పేరు రాయించుకోవాలి. మా దగ్గర ఒక బిస్కెట్ డబ్బాలో అవి దాచి ఉన్నాయి. ఫలానా చోట ఇన్నేళ్లుగా అమ్ముతున్నామని రేపు ఎవరి ముందైనా చెప్పాలంటే మనకున్న కాగితం అదొక్కటే.

అన్నిటికంటే ముందు, చోటు. దిగువ అహోబిలంలో పార్వేట బయలుదేరే దారి పక్కన మన తెగలవాళ్లకు ఒక వరస విడిగా కావాలి. నీడ, నీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి దగ్గరలో ఉండాలి. ఉచితంగా అడగడం లేదు, ఆశీలు కడతాం. అర్జీ పంచాయతీకి ఒకటి, గుడి వాళ్లకు ఒకటి, శ్రీశైలం ఐటీడీఏకు ఒకటి. అన్నీ వేలం పాట జరగకముందే చేరాలి, తర్వాత ఇస్తే ఎవరూ చదవరు. మాలో ఇద్దరికి సంతకం వచ్చు, రాయడం రాదు. మీలో చక్కగా రాసేవాళ్లు చేతులెత్తండి. భోజనాలయ్యాక ఆ చింతచెట్టు కింద కూర్చుందాం. కాగితాలు, చీటీల డబ్బా తెచ్చాం.