గేటు లోపలి పనిని ఎవరు చూపిస్తారు?

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి మాట్లాడుకునే మనం ఈరోజు వీడియోల గురించి మాట్లాడుకుందాం. దానికీ మన బతుకుకూ సంబంధం ఉంది.

ప్రపంచంలో జనానికి మొట్టమొదట చూపించిన సినిమాల్లో ఒకటి కార్మికుల మీద తీసిందే. 1895లో ఫ్రాన్సులోని లియాన్‌లో లూమియర్ సోదరులు తమ ఫ్యాక్టరీ గేటు ఎదుట కెమెరా పెట్టి, బయటికొస్తున్న పనివాళ్లను తీశారు. నిమిషం కూడా ఉండదు. ఆడవాళ్లు చాలామంది కనిపిస్తారు. అయితే ఫ్యాక్టరీ యజమానిదే, కెమెరా కూడా యజమానిదే. లోపల ఏం పని చేశారో, ఎంత కూలి ముట్టిందో అందులో లేదు.

సరిగ్గా నూరేళ్లకు, 1995లో, జర్మనీ కళాకారుడు హారున్ ఫారోకీ ఈ సంగతినే పట్టుకున్నారు. ఆయన తండ్రి మన దేశం నుంచి వలస వెళ్లిన డాక్టరు. నూరేళ్ల సినిమాల్లో కార్మికులు గేటు దాటే దృశ్యాలు ఏరి కూర్చి ఒక చిత్రం చేశారు. పని ముగిశాకే సినిమా కథ మొదలవుతుందని, పని మాత్రం గోడ లోపలే ఉండిపోతుందని అందులో చూపించారు.

2009లో ఆయన ఇటుక మీద మరో చిత్రం తీశారు. ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో ఊరంతా కలిసి చేతులతో ఇటుకలు చేయడం, మన దేశంలో బట్టీ పని, యూరపులో యంత్రాల పని పక్కపక్కన పెట్టారు. వ్యాఖ్యానం లేదు. చూసేవాళ్లే పోల్చుకోవాలి. ఒడిశా నుంచి అడ్వాన్సు తీసుకుని హైదరాబాదు చుట్టుపక్కల బట్టీలకు వచ్చే కుటుంబాలను ఎరిగిన మనకు ఆ పోలిక వేరే చెప్పక్కర్లేదు.

2011 నుంచి ఆంట్యే ఎమాన్‌తో కలిసి బెంగళూరు, హనోయి, కైరో వంటి నగరాల్లో స్థానికుల చేత వీడియోలు తీయించారు. షరతులు రెండే: విషయం పని కావాలి, ఒకటి రెండు నిమిషాల్లో, కత్తిరింపు లేకుండా ఒకే షాటు కావాలి.

ఇక మన సంగతి. టీవీలో రైతు ఎప్పుడు కనిపిస్తాడు? పంట మునిగినప్పుడు, ప్రాణం తీసుకున్నప్పుడు, రోడ్డెక్కినప్పుడు. నాటు వేసే అక్క నడుము, యార్డులో కాటా కోసం రాత్రంతా కాపలా ఎవరికీ కనిపించవు. పని కనిపించకపోతే పని చేసే మనిషీ లెక్కలోకి రాడు. కాగితం లేని కౌలు రైతుకూ, పొలంలో సగం పైగా పని చేసినా రైతు అనిపించుకోని ఆడవాళ్లకూ జరుగుతున్నది ఇదే.

పని కనబడితే పక్కవాడి కష్టం తెలుస్తుంది. అప్పుడే ఐక్యత. 2020 నవంబరు 26న కార్మిక సంఘాలు దేశవ్యాప్త సమ్మె చేసిన రోజే రైతుల ఢిల్లీ చలో మొదలైంది. ఏడాది పోరాటం తర్వాత మూడు చట్టాలూ రద్దయ్యాయి.

కాబట్టి ప్రతి గ్రామ కమిటీ రెండు నిమిషాల వీడియో ఒకటి తీయాలని కోరుతున్నాం. ఉపన్యాసాలు వద్దు, పాటలు వద్దు. ఊరి పేరు, పని పేరు, ఆ రోజు కూలి చెబితే చాలు. పని చేసేవాళ్లను అడగకుండా తీయొద్దు. తీసింది ముందు వాళ్లకే చూపించాలి. ఈసారి కెమెరా మన చేతిలోనే ఉంది.