పాత బండి, గాలి పాళ్ళు



కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. మైసూరు జావా, యెజ్డీ కార్ఖానా 1996లోనే ఆగింది. ఆ కార్ఖానా మోటారు సైకిళ్ళను నడిపేవారు మాత్రం నేటికీ ఉన్నారు.

పాలు పెట్రోలుకు బరువులో దాదాపు 15 పాళ్ళ గాలి కావాలి. 800 మీటర్లకు పైనున్న కోలారులో గాలి పలుచన. చెన్నపట్నంలో సరిపోయిన జెట్టు ఇక్కడ పెట్రోలు కాస్త అధికంగా పోస్తుంది. ప్లగ్గుకు మసి పడుతుంది. వాయుపీడనం చదివే పిల్లలకు ఇంతకన్న మంచి ప్రయోగశాల ఏది?

కార్బురేటరు విప్పినప్పుడు జెట్టు రంధ్రాన్ని తీగతో పొడవరాదు. రంధ్రం పెద్దదైతే కొలత పోయినట్లే. పెట్రోలుతో కడిగి గాలి ఊదాలి. ఇంజను వేడెక్కిన పిమ్మటనే స్క్రూ సవరించాలి. ఇప్పటి పెట్రోలులోని ఎథనాలు పాత రబ్బరును చెరుస్తుంది, తేమను పీలుస్తుంది. అందుచేత బండిని నెలల తరబడి నిలిపేవారు ఫ్లోటు గిన్నెను ఖాళీ చేసి ఉంచాలి.