బొంబాయి బండి ఎక్కేముందు

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను తాలీమ్ మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఈ స్టేజీ మీద తాలీమ్ గొప్పతనం చెబుతూనే ఉన్నారు, మీరు ఓపికగా వింటూనే ఉన్నారు. అందుచేత ఈసారి మన బోధన్ నుంచి బొంబాయి పోతున్న కుటుంబాల సంగతి మాట్లాడతానని మనవి చేసుకున్నాను, సెక్రటరీగారు ఒప్పుకున్నారు. ఆ ఊరి పేరు 1995లోనే ముంబయి అయింది గాని, మన నోటికి ఇంకా బొంబాయే.

నేను ఉర్దూ మీడియం బడిలో పంతులును. దసరా సెలవుల తర్వాత హాజరు పిలిస్తే రెండు మూడు పేర్లకు జవాబు రాదు. "వాడేడిరా?" అంటే పక్కవాడు "బొంబాయి పోయిండు సార్" అంటాడు. టీసీ తీసుకోలేదు, ఒక మాట చెప్పలేదు. ఆ పేరు ముందు నెలాఖరుదాకా గైర్హాజరు వేస్తూ పోవడమే నా పని.

ఎందుకు పోతున్నారని నేను అడగను. షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో వెలిసింది. ఆ భోంగా విని గడియారం సరిచేసుకున్న ఇళ్ళు ఈ సభలోనే ఎన్నో ఉన్నాయి. 2015 డిసెంబరులో అది మూతపడింది. తండ్రి ఫ్యాక్టరీలో ఫిట్టరు, కొడుకు బొంబాయిలో ఏసీ మెకానిక్కు. ఇందులో తప్పు పట్టేదేముంది?

ఇది కొత్త దారి కూడా కాదు. బొంబాయిలో కామాఠిపురా అనే పేట ఉంది. మన తెలంగాణ నుంచి ఇళ్ళు కట్టే పనికి పోయిన కామాఠీల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. తరువాతి కాలంలో ఆ పేటకు వచ్చిన చెడ్డపేరు లోకమంతా ఎరుగును. రాయి, సున్నం మోసి ఆ పట్నాన్ని నిలబెట్టినవాళ్ళ పేరు అది అని ఎరిగినవారు తక్కువ. ఆ తర్వాత మన పద్మశాలీ సోదరులు బట్టల మిల్లులకు, భివండీ మగ్గాలకు పోయారు. మనవాళ్ళు పోతున్నది అదే తోవ. నిజామాబాద్‌లో సాయంత్రం దేవగిరి ఎక్కితే మరునాటి పొద్దున దిగుతారు.

అయితే ఒక భేదం గమనించండి. దుబాయి పోయేవాడు ఒక్కడే పోతాడు. పిల్లలు ఇక్కడే తల్లి దగ్గర, నానీ దగ్గర ఉండి మా బడికి వస్తారు. బొంబాయి పోయేవాడు ఏడాది తిరిగేసరికి కుటుంబాన్ని పిలిపించుకుంటాడు. పిల్లలు బాప్‌తో ఉంటారు, అది మంచిదే. కాని దుబాయి తండ్రి కొడుకు చదువు ఆగకపోగా, బొంబాయి తండ్రి కొడుకు చదువు మధ్యలో తెగిపోవడం నేను కళ్ళారా చూస్తున్నాను. ఏడో తరగతిలో లెక్కలు నోటికి చేసే పిల్లవాడు ఒకడు నవంబరులో పోయాడు. అక్కడ బడివాళ్ళు కాగితాలు తెమ్మన్నారట. తండ్రికి రోజు కూలి పోగొట్టుకుని తిరిగి వచ్చే వీలు లేకపోయింది. "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఆ వచ్చే ఏడు వచ్చేసరికి వాడు బ్యాగుల కార్ఖానాలో జిప్పులు కుడుతున్నాడు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో చట్టం సవరించారు. కార్ఖానా మేడ మీదికి చట్టం మెట్లెక్కి పోదు కదా!

కావున తండ్రులు, ముఖ్యంగా తల్లులు వినండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతిదాకా పిల్లవాడు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారవచ్చు. సర్కారు బడిలోగాని, ఎయిడెడ్ బడిలోగాని చేర్చుకోవాలి. మేము టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలి. ఇవ్వకపోతే హెడ్‌మాస్టరు మీద చర్య తీసుకోవచ్చు. మరి టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో అక్కడి బడి పిల్లవాణ్ణి ఆపకూడదు. ఈ మాట చట్టంలో స్పష్టంగా ఉంది. అయినా గుమాస్తాతో చట్టం వాదించుకునే తీరిక కూలివాడికి ఉండదు. టీసీ, బోనఫైడ్, పుట్టిన సర్టిఫికెట్టు, ఆధార్ నకలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పోండి. బియ్యం మూట మరిచినా పరవాలేదు. వీలైతే ఏప్రిల్ నెలాఖరులో, పరీక్షలు అయినాక పోండి. రెండుచోట్లా బడులు జూన్‌లోనే తెరుస్తారు.

మన పిల్లలకు ఒక సౌకర్యం ఉంది, మనకే తెలియదు. బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది. అందులో ఉర్దూ ఉంది, తెలుగూ ఉంది. అంజుమన్-ఎ-ఇస్లాం 1874 నుంచి ఉంది, దాని బడులు ఎన్నో. ఉర్దూలో ఐదో తరగతి చదివిన పిల్లవాడు అక్కడ ఉర్దూలోనే ఆరో తరగతి బెంచీ మీద కూర్చోవచ్చు. ఉర్దూ మీడియం పిల్లవాడు ఊరు దాటితే పనికిరాడని మన దగ్గర కొందరు పెద్దమనుషులు అంటుంటారు. వాళ్ళు ఒకసారి నాగ్‌పాడా పోయి చూసి రావాలని కోరుతున్నాను.

మరాఠీ మాత్రం తప్పదు. 2020లో అక్కడి సర్కారు అన్ని బడుల్లోనూ మరాఠీ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. భయపడకండి. మన ఇళ్ళలో పొద్దున లేచింది మొదలు "నక్కో, నక్కో" అంటాం. ఆ నక్కో మరాఠీదే. "ఇదిచ్, అదిచ్" అని నొక్కి చెప్పే ఆ 'చ్' కూడా అక్కడినుంచి వచ్చిందే. లక్నో ఉర్దూవాళ్ళు మన దక్కనీ విని నవ్వుతారు. నవ్వనీయండి, మరాఠీ నేర్చుకోవడంలో మన పిల్లలు వాళ్ళకన్నా ముందుంటారు. ఎటొచ్చీ పోయేది తెలుగే. రెండేళ్ళలో చదవడం మరిచిపోతారు, సెలవులకు వచ్చినప్పుడు మన బస్సు బోర్డు చదవలేరు. తల్లులారా, వారానికొక ఉత్తరం పిల్లలచేత తెలుగులో రాయించండి. ఫోనులు ఉన్నా సరే.

ఇక ఇల్లు. ఇది చేదు సంగతి. మా మేనమామ కొడుకు ఒక గది చూసుకున్నాడు. అద్దె కుదిరింది, దలాలు చెయ్యి కలిపాడు. కాగితం రాసేటప్పుడు పేరు చెప్పాడు. "సొసైటీవాళ్ళు ఒప్పుకోరు భాయ్" అని దలాలు కలం మూశాడు. ఆ పేట ఏదో, ఆ దలాలు ఎవరో నేను చెప్పను. ఒక్కడైతే పేరు పెట్టి తిట్టవచ్చు. మావాడు మూడుచోట్ల అదే మాట విని చివరికి ముంబ్రా చేరాడు. 1992-93 అల్లర్ల తర్వాత బొంబాయి వదిలిన ఎన్నో ముస్లిం కుటుంబాలు చేరి పెంచిన ఊరు అది. అక్కడ మసీదు ఉంది, ఉర్దూ బడి ఉంది, పక్కింటి ఖాలా ఉంది. పొద్దున లోకల్ బండిలో ఒంటికాలి మీద నిలబడి పనికి పోవాలి. అదీ ఉంది.

ఇల్లు దొరికిందన్న సంతోషంలో గోడలు చూడడం మరువకండి. 2013 ఏప్రిల్ 4న ముంబ్రా దగ్గర శీల్ ఫాటాలో అనుమతి లేకుండా కడుతున్న భవనం కూలి 74 మంది చనిపోయారు. కట్టడం పూర్తికాకముందే అందులో కాపురాలు పెట్టారు. అద్దె తక్కువ అంటే ఎందుకు తక్కువో అడగాలి. 'లీవ్ అండ్ లైసెన్స్' అనే కాగితం రాయించుకోండి. 1999 అద్దె చట్టం ప్రకారం అది రిజిస్టరు చేయించవలసిన బాధ్యత ఇంటివాడిది. 'హెవీ డిపాజిట్' అని లక్షల రూపాయలు తీసుకుని నెల అద్దె వద్దంటారు. వినడానికి తియ్యగా ఉంటుంది. ఇక్కడ పొలం అమ్మిన డబ్బు రసీదు లేకుండా అక్కడ దలాలు చేతిలో పోయడానికి గుండె ఎట్లా ఒప్పుతుందో నాకు తెలియదు.

రేషను సంగతి రెండు ముక్కలు. మన కార్డు మీద అక్కడ కూడా ధాన్యం ఇస్తారు. 2019లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2022 జూన్ నాటికి ఈ పద్ధతి దేశమంతా వచ్చింది. ఆధార్ కలిపి ఉండాలి, వేలిముద్ర పడాలి, కార్డు కేంద్ర చట్టం కిందిది అయి ఉండాలి. ఇంట్లో కొందరు ఇక్కడ, కొందరు అక్కడ ఉంటే ఎవరి వాటా వారు ఉన్నచోట తీసుకోవచ్చు. కార్డు రద్దు చేసుకుని పొమ్మని ఎవరైనా అంటే నమ్మకండి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మనవాళ్ళు ఎందరు, ఎక్కడ చిక్కుకున్నారో ఈ సొసైటీ దగ్గర ఒక చీటీ కూడా లేదు. శ్రామికుల మొదటి ప్రత్యేక రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌కు కదిలింది. అక్కడి కూలీల లెక్క ఎవరో రాసిపెట్టబట్టే కదా బండి కదిలింది! మన పిల్లల లెక్క మన దగ్గర లేదు. ఊరు కాని ఊళ్ళో మయ్యత్ లేస్తే మోయడానికి నాలుగు భుజాలు కావాలి. అదే పేటలో మన బోధన్‌వాడు ఇంకొకడు ఉన్నాడని కూడా ఒకరికొకరికి తెలియదు.

అందుకని అధ్యక్షులవారి అనుమతితో ఈ రోజు ఒక రిజిస్టరు తెచ్చాను. పోయినవారి పేరు, బొంబాయిలో పేట, ఫోను నంబరు, పిల్లవాడి తరగతి, అంతే నాలుగు గళ్ళు. తలుపు దగ్గర బల్ల మీద ఉంది. పోదామని అనుకుంటున్నవారు కూడా రాయవచ్చు. ఆదివారం అసర్ తర్వాత సొసైటీ గదిలో ఉంటాను. టీసీ అర్జీ రాయడం రానివారికి నేను రాసిపెడతాను, ఏ బడి పిల్లవాడైనా సరే. దావత్ అయినాక చేతులు కడుక్కుని రాయండి. పోయిన ఏడు చందా పుస్తకం మీది బిర్యానీ మరకలు ఇంకా పోలేదు.