పంబ దరువు - సాంబా దరువు



ఆడి నెల వచ్చిందంటే పాపారపట్టి చుట్టుపక్కల ఊళ్ళలో మారెమ్మ పండుగల సందడి మొదలవుతుంది. అంబలి కాస్తాం, వేపమండలు కడతాం, కరగం ఎత్తుతాం. అన్నీ సిద్ధమైనా పంబ మోగనిదే అమ్మ రాదని మన పెద్దల నమ్మకం. తమిళంలో పంబై, తెలుగులో పంబ. ఎల్లకు అవతల గంగమ్మ, అంకమ్మ కొలుపుల్లోనూ ఇదే వాద్యం.

ఈ దరువు విన్నప్పుడల్లా నాకు బ్రెజిల్ దేశపు సాంబా గుర్తుకొస్తుంది. ఎక్కడి పాపారపట్టి, ఎక్కడి బ్రెజిల్ అంటారా? వినండి.

ఆఫ్రికా నుంచి బానిసలుగా ఆ దేశానికి తరలించిన లక్షలాది జనం తమ దేవతలను మనసులో పెట్టుకుని వెళ్ళారు. ఆ దేవతలు ఒరిషాలు. వారి కొలుపు పేరు కాందొంబ్లే. అందులో మూడు డోళ్ళు మోగుతాయి. ఒక్కో దేవతకు ఒక్కో దరువు. దరువు కుదిరితే భక్తుల మీదికి దేవత వస్తుంది. మన పూనకం వంటిదే కదా!

అక్కడ బానిసత్వం 1888లో రద్దయింది. అంతకు ముందూ ఆ తరువాతా బహియా ప్రాంతపు నల్లవారు ఎందరో రియో డి జనీరో చేరారు. వారిలో ఒకామెను అందరూ సియాటా అత్త అనేవారు. మిఠాయిలు అమ్మేది, ఒరిషాలను కొలిచేది. ఆమె ఇంట కొలుపూ, విందూ, పాటా కలిసి సాగేవి. అక్కడికి వచ్చే ఒక పాటగాడి ముద్దుపేరు దొంగా. నవ్వకండి, అక్కడ దాని అర్థం వేరు! ఆయన 1916లో తన పేర నమోదు చేయించిన 'పెలో టెలిఫోన్' పాట 1917 కార్నివాల్‌లో ఊరంతా మోగింది. సాంబాకు పేరు తెచ్చిన తొలి రికార్డు అదే.

ఆ రోజుల్లో సాంబా వాయించేవారిని పోలీసులు అనుమానంగా చూసేవారు. నేడు అదే సాంబా ఆ దేశానికి గర్వకారణం. బహియా వారి సాంబా డి రోడాను 2005లో యునెస్కో కూడా గుర్తించింది.

శ్రోతలారా! కాందొంబ్లేలో డోలు పెద్దను అలబే అంటారు. కొలువులో అది గౌరవ స్థానం. మరి మన పంబకాడి మాటేమిటి? పండుగనాడు అతడు లేనిదే అమ్మ పలకదు. మరునాడు అతడు తిన్నాడో లేదో అడిగేవారుండరు. పైగా ఇప్పుడు పెద్ద పెద్ద స్పీకర్లలో రికార్డు పాటలు. రికార్డు ఎంత గట్టిగా మోగినా, పూనిన మనిషి అడుగు చూసి దరువు పెంచగలదా? తూలిపోతుంటే తగ్గించగలదా? పంబకాడి కన్ను చేసే పని అది.

అందుకే ఒక్క మనవి. ఈసారి పండుగ లెక్క రాసేటప్పుడు పంబకాడి సంభావన మొదటి వరుసలో రాయండి. భోజనాల పంక్తిలో అతణ్ణి మీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ కులం పిల్లవాడైనా సరే, నేర్చుకుంటానంటే అడ్డు చెప్పకండి. అమ్మను పిలిచే చేతిని ఆదరించడమూ అమ్మ పూజే.

సెలవు.