ఒకే కుండ, రెండు పళ్ళేలు
(సంఘం వార్షికోత్సవం నాటి మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవారు ఆడపిల్లల చదువు గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా గురించి చాలా పెద్ద విషయాలు చెప్పారు. నేను ఖిచిడీ గురించి చెప్పబోతున్నాను. నవ్వకండి. ఖిచిడీ చిన్న విషయమే గాని, జబ్బుపడి లేచిన ఇల్లాలికి రాత్రి ఏడు గంటలకు అంతకంటే పెద్ద విషయం మరొకటి ఉండదు. జ్వరం ఉన్నన్నాళ్ళూ ఇల్లంతా మనచుట్టూ తిరుగుతుంది. జ్వరం దిగిన మర్నాడు, "ఇవాళ కాస్త బాగున్నట్టున్నావే, రాత్రికి ఏం వండుతున్నావు?" అంటారు. ఈ మాట వినని ఆడది ఈ హాల్లో ఉంటే చెయ్యెత్తమనండి.

ముందు నా సంగతి ఒకటి మనవి చేసుకుంటాను. చాలా ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు 16వ నంబరు అంటున్న మన జాతీయ రహదారి అప్పట్లో 5వ నంబరు. మేము ఆ రోడ్డుకు దగ్గర్లోనే ఉండేవాళ్ళం. నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు మంచంమీద ఉన్నాను. జ్వరం దిగిన నాలుగోరోజున, పిల్లలు బిస్కట్లతో పడుకుంటున్నారని మనసాగక లేచాను. ఇంట్లో వాళ్ళకు చపాతీలు, కూర. నాకు వేరుగా పత్యం. కిరసనాయిలు స్టవ్వు ముందు గొంతుక్కూర్చుని రెండు వంటలూ మొదలుపెట్టాను. కూర దించుతుంటే కళ్ళు తిరిగాయి. గిన్నె ఒకవైపు, నేనొకవైపు. అంతటితో అయిపోలేదు. మరి రెండు వారాలకు మా చిన్నవాడికి అదే జ్వరం వచ్చింది. నా చేతి తిండివల్ల వచ్చిందో, మేమందరం తాగిన నీళ్ళవల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అల్లాహ్ దయవల్ల వాడు కోలుకున్నాడు. కాని ఆ అనుమానం మాత్రం ఇప్పటికీ నన్ను విడిచిపెట్టలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, టైఫాయిడ్ తగ్గినా కొన్నాళ్ళపాటు ఆ మనిషి విరోచనంలో క్రిములు పోతూనే ఉండవచ్చు. కొద్దిమందిలో ఏళ్ళతరబడి ఉండిపోతాయి. అమెరికాలో మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది. ఆమెకు ఒంట్లో ఏ బాధా లేదు. ఆమె వండిన ఇళ్ళలోవాళ్ళకు మాత్రం టైఫాయిడ్ వచ్చేది. 1907లో ఆ సంగతి బయటపడింది. వంటపని చెయ్యనని ఒప్పుకుంటే 1910లో విడిచిపెట్టారు. బతుకుతెరువు కోసం ఆమె మళ్ళీ వంటే పట్టింది. 1915లో మళ్ళీ దొరికి, 1938లో చనిపోయేదాకా ఒంటరిగా ఉంచిన చోటే ఉండిపోయింది. పాపం, ఆమె ఎవరికీ చెడు తలపెట్టలేదు. అయినా చేతులు చేసే పని చేతులు చేశాయి.

కాబట్టి టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్ళు డాక్టరు సరే అనేదాకా ఇంటిల్లిపాదికీ వండకూడదు. వాంతులు, విరోచనాలు అయినవాళ్ళు అవి పూర్తిగా ఆగిన తర్వాత కూడా రెండు రోజులు పొయ్యి దగ్గరకు వెళ్ళకూడదు. మలేరియా, డెంగ్యూ తిండిద్వారా అంటుకునేవి కావు. కాని ఆ నీరసంలో వేడి గిన్నె ఎత్తడం ప్రమాదమే. ఎవరు వండినా సబ్బుతో చేతులు కడుక్కునే వండాలి.

"మరి ఎవరు వండుతారు?" అని మీరు అడుగుతారు. అదే నేను చెప్పదలచినది. వంట ఎంత తేలికగా ఉండాలంటే, మీ ఆయన గాని, పదో తరగతి చదివే మీ అబ్బాయి గాని చెయ్యగలిగేంత తేలికగా ఉండాలి. మీరు కుర్చీలో కూర్చుని నోటితో చెప్పండి, చాలు. వండుకోవడం మీకు తప్పనిసరి అయినా, అదే వంట మీ ప్రాణం తీయకుండా ఉంటుంది.

మనం చేసే తప్పేమిటంటే రెండు వంటలు చెయ్యడం. రోగికి చప్పిడి పత్యం, మిగతావాళ్ళకు కారం, మసాలా. రెండు గిన్నెలు, రెండు పొయ్యిలు, రెండింతల అంట్లు. దీనికి ఉపాయం ఒక్కటే. ఒకే కుండలో అందరికీ కారం లేకుండా వండండి. కోలుకుంటున్న మనిషి పళ్ళెంలోకి ముందు తీయండి. ఆ తర్వాత మిగిలినదానికి పోపు పెట్టండి, కారం కలపండి, పచ్చడి వేసుకోండి. ఒకే కుండ, రెండు పళ్ళేలు. ఈ మాట ఒక్కటి గుర్తుంచుకుంటే నా ప్రసంగం ఇక్కడితో ఆపేసినా పరవాలేదు.

ఇప్పుడు వంటలు చెబుతాను.

మొదటిది పెసరపప్పు ఖిచిడీ. బియ్యం రెండు పాళ్ళు, పెసరపప్పు ఒక పాలు, నీళ్ళు పన్నెండు పాళ్ళు. నలుగురికి ఒకటిన్నర గ్లాసు బియ్యం, ముప్పావు గ్లాసు పప్పు, తొమ్మిది గ్లాసుల నీళ్ళు సరిపోతాయి. నాలుగు ఆనపకాయ ముక్కలు, చిటికెడు పసుపు, చిన్న అల్లం ముక్క, జీలకర్ర, ఉప్పు వేసి కుక్కరు మూత పెట్టండి. కుక్కరు సగానికి మించి నిండకూడదు, పప్పు పొంగుతుంది. అయిదు విజిళ్ళు రానిచ్చి, ఆవిరి దానంతటదే పోయేదాకా మూత తియ్యకండి. రోగి పళ్ళెంలోకి తీసి చెంచాడు నెయ్యి వెయ్యండి. మిగతాదానికి వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ వేయించి పోపు పెట్టండి. పక్కన చింతపండు ఖట్టా ఉంటే మగవాళ్ళు మారు అడుగుతారు.

ఇందులో బలం ఏముంది అనకండి. 100 గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులున్నాయి. బియ్యంలో కొరవడినది పప్పులోను, పప్పులో కొరవడినది బియ్యంలోను ఉంటుంది. రెండూ కలిస్తేనే ఒంటికి పూర్తిగా పనికొస్తాయి. మన నానీమాలకు ఈ లెక్కలు తెలియవు, అయినా కలిపే వండారు.

రెండవది యఖ్నీ. ఎముకతో ఉన్న అరకిలో కోడిమాంసం కొట్టువాడిచేతే ముక్కలు కొట్టించండి. ఉల్లిపాయను రెండు చెక్కలు చేసి వెయ్యండి, తరగక్కర్లేదు. అల్లం, నాలుగు వెల్లుల్లి రేకలు, పది మిరియాలు, ఉప్పు, ఆరు గ్లాసుల నీళ్ళు. నాలుగు విజిళ్ళు. పైన తేలిన కొవ్వు గరిటెతో తీసేసి, ఆ రసం ఒక గిన్నెడు, మెత్తని ముక్కలు రెండు రోగికి పెట్టండి. మెత్తటి అన్నంలో కలిపి తినవచ్చు. మిగిలిన రసంలో రెండు గ్లాసుల బియ్యం, పచ్చిమిరపకాయలు, గరం మసాలా వేసి అదే కుక్కరులో వండితే మిగతావాళ్ళకు యఖ్నీ పులావ్ అయిపోతుంది. రసం చాలకపోతే నీళ్ళు కలుపుకోండి. పిల్లలు ఇవాళ ఏం పండగ అని అడుగుతారు. రోగిష్టి ఇల్లన్న దిగులు కాసేపు పోతుంది. అది కూడా మందే.

మూడవది మన శ్రీకాకుళం జిల్లా సొత్తు, చోడి జావ. మనిషికి రెండు పెద్ద చెంచాల చోడిపిండి ముందు చల్లనీళ్ళలో ఉండకట్టకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, గరిటె ఆడిస్తూ పది నిమిషాలు ఉడికించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు. 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఏ తిండిలో ఏముందో లెక్కకట్టే జాతీయ పోషకాహార సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. వాళ్ళ లెక్కల్లో చోళ్ళకు దక్కిన గౌరవం మన ఇళ్ళలో తగ్గిపోయింది. పొలం పనికి వెళ్ళేవాళ్ళ తిండి అని చిన్నచూపు. జావతోబాటు ఉడికించిన గుడ్డు ఒకటి పెట్టండి, అందులో ఆరు గ్రాముల మాంసకృత్తులు. మిగతావాళ్ళు అదే జావలో పచ్చి ఉల్లిపాయ, ఎండుచేప నంజుకుంటారు.

నాలుగవది పొయ్యి దగ్గర నిలబడే ఓపిక అసలు లేనినాటిది. అన్నం కుక్కరులో పెట్టేటప్పుడే పై గిన్నెలో పెసరపప్పు, తోటకూర పెట్టండి. కడిగిన గుడ్లు నాలుగు మరో చిన్న గిన్నెలో నీళ్ళతో పెట్టండి. ఒక్క మంటమీద అన్నం, పప్పు, గుడ్లు మూడూ అవుతాయి. రోగికి అన్నం మెత్తగా మెదిపి పప్పుకట్టు కలపండి. మిగతావాళ్ళు ఊరగాయ వేసుకుంటారు.

మన మతంలో కూడా ఈ మాట ఉంది. బార్లీ పిండితో కాచే తల్‌బీనా అనే జావను రోగులకు, దుఃఖంలో ఉన్నవారికి పెట్టమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పేవారని హదీసులలో చదువుకున్నాం. బిర్యానీ పెట్టమనలేదు చూశారా! రోగికి కావలసింది తేలికగా లోపలికి దిగే తిండి. అదీ కొద్దికొద్దిగా. ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సుపని మీద 1859లో రాసిన పుస్తకంలో, తినని పళ్ళెం రోగి పక్కన అలా వదిలెయ్యవద్దని హెచ్చరించింది. చూసి చూసి ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుంది. తినకపోతే తీసేయండి, గంట ఆగి వేడిగా మళ్ళీ తెండి.

ఇంకొన్ని చిన్న మాటలు. కూరగాయలు అసర్ నమాజు తర్వాత కూర్చుని తరుక్కోండి, లేదా తరిగించండి. మగ్రిబ్‌కు కుక్కరు ఎక్కించండి. ఇషా నాటికి తిని పడుకోండి. వండిన అన్నం రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పొగలొచ్చేలా వేడిచేసి తినాలి. దోస, ఇడ్లీ పిండి కొట్టులో దొరికితే కొనుక్కోండి. నామోషీ ఏమీ లేదు.

ఒక హెచ్చరిక. మన ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు ఎందరిని పీడిస్తోందో మీకు తెలుసు. మన బంధువులు అక్కడా ఉన్నారు. ఆ జబ్బు ఉన్నవాళ్ళకు ఉప్పు, పప్పు, మాంసం ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి, నేను కాదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు కూడా జావలు అడిగి తాగాలి.

ఇక ఆఖరి మాట. 2020లోను, 2021లోను కరోనా వచ్చినప్పుడు ఇంటికి ఇల్లే మంచానపడింది. అప్పుడు గుమ్మం బయట టిఫిన్ క్యారేజీ పెట్టి, తలుపు కొట్టి, దూరంగా నిలబడి "తీసుకో భాభీ" అన్నవాళ్ళు మనలో ఉన్నారు, పక్కవీధి హిందువుల ఇళ్ళలోనూ ఉన్నారు. మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) షహీదైన వార్త వచ్చినప్పుడు, ఆ ఇంటివారికి భోజనం వండి పంపమని ప్రవక్తగారు (సల్లం) చెప్పారు. కష్టంలో ఉన్న ఇంట పొయ్యి వెలిగించే భారం ఇరుగుపొరుగువాళ్ళదని దీనివల్ల నేర్చుకున్నాం. చావుకు పంపుతున్నాం. జబ్బు తగ్గిన ఇంటికి ఎందుకు పంపడంలేదు? జబ్బులో ఉన్నప్పుడు పళ్ళు పట్టుకుని పదిమంది వస్తారు. ఆమె లేచి కూర్చున్న రోజున ఒక్కరూ రారు. నిజానికి క్యారేజీ కావలసింది ఆ వారంలోనే.

అందుకని నా విన్నపం రెండే. అక్కచెల్లెళ్ళారా, మీ వీధిలో ఎవరైనా జబ్బుపడి లేస్తే, వారం రోజులు రాత్రి భోజనం వంతులవారీగా పంపుదాం. బిర్యానీలు వద్దు, ఖిచిడీ చాలు. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదనే మర్యాద కూడా ఆ వారం మానేద్దాం.

ఇక వెనక వరసలో నిలబడి వింటున్న సోదరులకు. అయ్యా, బియ్యం రెండు పాళ్ళు, పప్పు ఒక పాలు, నీళ్ళు పన్నెండు పాళ్ళు, అయిదు విజిళ్ళు. అంతే. చిన్నవాడికి జ్వరమొచ్చి, నేను లేవలేని ఆ రోజుల్లో మా ఆయన నేర్చుకున్నారు. మొదటిరోజు ఉప్పు మరచిపోయారు, రెండోరోజు రెండుసార్లు వేశారు. మూడోరోజు బాగా కుదిరింది. ఆ ఖిచిడీ రుచి నాకింకా గుర్తుంది.

 అల్లాహ్ మన ఇళ్ళన్నింటికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.