పక్షవాతం తర్వాత ఊపిరిని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి?
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

షిఫ్టులు మార్చుకుని వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారిక్కడ. నేను కూడా నిన్న రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాను. మధ్యలో ఆవలిస్తే ఏమీ అనుకోకండి.

నేను రెస్పిరేటరీ థెరపిస్టుని. ఆసుపత్రిలో రోగుల ఊపిరి చూసుకోవడం నా పని. డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ కోర్సు చేసి ఇందులోకి వచ్చాను. అంతకుముందు ఇండియన్ గ్రోసరీ కొట్లో కౌంటర్ దగ్గర నిలబడేదాన్ని. పని ఎందుకు మారానో చెప్తే ఇవాళ్టి విషయం సగం అర్థమైపోతుంది.

మా నాన్న విజిటర్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే మూతి ఒక పక్కకి వంకరపోయింది, కుడి చెయ్యి లేవలేదు, మాట పడిపోయింది. 911కి ఫోన్ చేశాం. ఆసుపత్రిలో చేర్చారు. సాయంత్రానికి ఆయన నోరు పిడచకట్టుకుపోయింది. ఎడమచేత్తో నీళ్ళని సైగ చేశారు. కన్నకూతుర్ని, ఎలా ఊరుకుంటాను? నర్సు బయటికి వెళ్ళగానే స్పూనుతో నాలుగుసార్లు నీళ్ళు పోశాను. ఆయనకి పొలమారలేదు, దగ్గు కూడా రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు రాత్రికి జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. నేను పోసిన నీళ్ళ వల్లేనా, ఆయన ఉమ్మే అటు దిగిందా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ మంచం పైన గోడకి ఒక కాగితం అంటించి ఉంది, దాని మీద మూడే అక్షరాలు: ఎన్‌పీవో. నోటితో ఏమీ ఇవ్వొద్దని దాని అర్థం. అది నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మనవాళ్ళు నెత్తి మీద తడతారు కదా. నిజానికి పొలమారడమంటే ఒంట్లో ఉన్న కాపలావాడు కేకెయ్యడం. నీళ్ళు గాలిగొట్టం వైపు జారితే దగ్గు వచ్చి బయటికి నెట్టేస్తుంది. పక్షవాతం వచ్చిన కొత్తలో ఇంచుమించు సగంమందికి మింగడం సరిగ్గా ఉండదు. వాళ్ళలో కొందరికి ఆ కాపలావాడు కూడా పడుకుంటాడు. దగ్గు లేకుండానే నీళ్ళు, మెతుకులు, ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగిపోతాయి. అందుకే మింగే పరీక్ష అయ్యేదాకా నోటితో ఏదీ ఇవ్వకూడదు. మంచినీళ్ళు, టీ, మాత్ర, తులసి తీర్థం, ఏదైనా సరే. ఇది వింటే మనకి మనసొప్పదని నాకు తెలుసు.

ఇప్పుడు ఒక్కసారి ఉమ్ము మింగి చూడండి. మింగే క్షణంలో ఊపిరి ఆగింది కదా? మామూలుగా మనం కొంచెం ఊపిరి వదులుతూ ఆగి, మింగి, మిగతాది వదులుతాం. మింగాక గాలి బయటికే వస్తుంది కాబట్టి గొంతులో మిగిలింది లోపలికి లాగబడదు. పక్షవాతంలో ఈ వరస తప్పుతుంది. అందుకే ఊపిరినీ మింగడాన్నీ విడివిడిగా చూస్తే సరిపోదు.

ఈ రెండింటినీ కలిపి వినే సెన్సర్ ఒకటి మన పక్కనే, షికాగో దగ్గర నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో తయారైంది. ప్రొఫెసర్ జాన్ రోజర్స్ బృందం చేసింది. షికాగోలోని షర్లీ రయన్ ఎబిలిటీ ల్యాబ్ అనే రీహాబ్ ఆసుపత్రివాళ్ళు పక్షవాతం రోగుల మీద పరీక్షించారు. 2018 ఫిబ్రవరిలో ఆస్టిన్‌లో జరిగిన సైన్సు మహాసభలో రోజర్స్ దాని గురించి చెప్పారు. చూడ్డానికి బ్యాండ్ ఎయిడ్‌లా ఉంటుంది, మెత్తగా సాగుతుంది, వైరు ఉండదు. గొంతు కింద, రెండు మెడ ఎముకల మధ్య చిన్న గుంట ఉంటుందే, అక్కడ అంటిస్తారు.

అందులో మైకు లేదు. ఉన్నది కదలికని కొలిచే చిప్పు. మన ఫోన్ తిప్పితే స్క్రీన్ తిరుగుతుంది చూడండి, ఆ జాతిదే. ఊపిరికి చర్మం మెల్లగా లేచి పడుతుంది, గుండె కొట్టుకుంటే చిన్నగా అదురుతుంది, మింగితే ఒకలా, దగ్గితే ఇంకోలా, మాట్లాడితే సన్నగా వణుకుతుంది. అన్నీ ఒకే చోట దొరుకుతాయి, కంప్యూటర్ వాటిని విడదీస్తుంది. మైకు లేదు కాబట్టి గదిలో టీవీ మోగినా, పక్కవాళ్ళు మాట్లాడుకున్నా అందులోకి ఎక్కదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు దీన్నే దగ్గునీ ఊపిరినీ గమనించడానికి మార్చి రోగులకి అంటించారు. 2022లో నార్త్‌వెస్టర్న్‌వాళ్ళే ఊపిరి, మింగడం వరసని అప్పటికప్పుడు రోగికి తెలియజేసే పద్ధతి గురించి ప్రచురించారు.

రాత్రిపూట దీని విలువ నాకు బాగా తెలుస్తుంది. 1818లో డబ్లిన్‌లో జాన్ చెయిన్ అనే డాక్టరు పక్షవాతం వచ్చిన ఒకాయన మంచం పక్కన కూర్చుని రాసిపెట్టాడు: పావు నిమిషం ఊపిరి పూర్తిగా ఆగుతుంది, మళ్ళీ సన్నగా మొదలై పెరిగి పెరిగి ఎగశ్వాస అవుతుంది, మళ్ళీ తగ్గి ఆగుతుంది. ఈ రకం ఊపిరికి ఇప్పటికీ ఆయన పేరూ, స్టోక్స్ అనే ఇంకో డాక్టరు పేరూ కలిపి వాడుతున్నాం. రెండు వందల ఏళ్ళ తర్వాత నేను చేస్తున్నదీ అదే పని, కాకపోతే నాకు రాత్రికి చాలామంది రోగులు. ఒకరి గదిలో ఉన్నప్పుడు ఇంకొకరి ఊపిరి ఆగితే నాకెలా తెలుస్తుంది? పక్షవాతం వచ్చినవాళ్ళలో సగానికి పైగా నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, స్లీప్ యాప్నియా, ఉంటుంది. పది సెకన్లు ఆగితే ఒక ఆగడం కింద లెక్క.

అయితే గొంతు మీద అంటించే ఈ సెన్సర్ వాల్‌గ్రీన్స్‌కి వెళ్ళి కొనుక్కొచ్చే వస్తువు కాదు. మన చేతిలో ఉన్నవి వాచీ, వేలికి పెట్టే ఆక్సీమీటర్. వాటి గురించి రెండు ముక్కలు చెప్పాలి.

స్లీప్ యాప్నియా గుర్తులు పట్టే ఫీచర్‌కి 2024లో ముందు శాంసంగ్ వాచీకి, తర్వాత ఆపిల్ వాచీకి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మంచిదే. కానీ అది కొన్ని రాత్రుల లెక్క చూసి, జబ్బు ఉండొచ్చు, డాక్టర్ని కలవమని చెప్తుంది. ఈ రాత్రి నాన్నగారి ఊపిరి ఆగితే మోగి మిమ్మల్ని లేపదు. కొడుకు వాచీ కొనిచ్చాడు కదా అని పక్కగదిలో నిశ్చింతగా పడుకున్నవాళ్ళని చూశాను.

ఆక్సీమీటర్ సంగతి ఇంకా ముఖ్యం. అది చర్మంలోంచి వెలుగు పంపి కొలుస్తుంది. ముదురు రంగు చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు 2020 డిసెంబర్‌లో ప్రచురించిన లెక్క చూడండి. ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపించినవాళ్ళని తీసుకుని రక్తపరీక్షతో పోల్చారు. నిజంగా 88 కంటే తక్కువ ఉన్నవాళ్ళు నల్లజాతి రోగుల్లో నూటికి దాదాపు 12 మంది, తెల్లవాళ్ళలో నలుగురి లోపు. వాళ్ళు కొలిచింది మనవాళ్ళని కాదు, నిజమే. కానీ మనలో ఛామనఛాయ నుంచి నలుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయి కదా. మిషన్ 95 చూపిస్తున్నా మనిషి డొక్కలెగరేస్తుంటే మనిషినే నమ్మండి, మిషన్ని కాదు.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి? లెక్కపెట్టాలి. నిద్రలో ఉన్నప్పుడు పొట్టో ఛాతీయో ఒకసారి లేచి పడితే ఒకటి. నిమిషం నిండా లెక్కపెట్టండి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయొద్దు, మధ్యలో ఆగేది తప్పిపోతుంది. పెద్దవాళ్ళకి 12 నుంచి 20 మామూలు. 20 దాటి అలాగే ఉంటే డాక్టరుకి ఫోన్. 25 వచ్చినా, 8కి పడిపోయినా, పెదాలు నీలంగా మారినా 911. మీ డాక్టరు వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించండి. రాసుకోండి, టైముతో సహా. క్యాలెండర్ వెనక రాసినా చాలు. తిన్న తర్వాత గొంతు తడితడిగా, గరగరమంటూ ఉందా అనేది కూడా రాయండి.

డబ్బు సంగతి ఎత్తకపోతే మీరు ఒప్పుకోరు. 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళని ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా పరీక్షించి, స్థిమితపడేదాకా చూడాలి. బిల్లు వస్తుంది, అది వేరే సంగతి. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నింటికీ ఆర్థిక సహాయం నిబంధనలు ఉండాలి, దరఖాస్తు అడగండి. బిల్లుకి భయపడి పొద్దున్నదాకా ఆగుదాం అనుకోవద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి టైము మామూలుగా నాలుగున్నర గంటలే. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి ఏది ఇస్తారో, ఏ వయసు దాకా ఇస్తారో వాళ్ళు విమానం ఎక్కకముందే చదవండి. తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద 12 వారాల జీతంలేని సెలవు ఉంది. యాభైమంది ఉన్న కంపెనీలో ఏడాది పనిచేసి, 1,250 గంటలు నిండి ఉండాలి. హెచ్ వన్ బి మీద ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది.

ఇక ఆసుపత్రిలో మంచం మీద ఏ కాగితం అంటించినా, ఏ పట్టీ అంటించినా, ఇదేంటి అని అడగండి. ఇంగ్లీషు రాదా? తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలనండి, ఫోన్ మీద ఇస్తారు, దానికి మీ దగ్గర డబ్బు తీసుకోరు.

నాన్న ఇప్పుడు ఊళ్ళో ఉన్నారు. కర్ర పట్టుకుని వీధి చివర దాకా నడుస్తారు. రాత్రిళ్ళు అమ్మ వీడియో కాల్ చేసి ఫోన్ ఆయన పొట్ట వైపు తిప్పి పెడుతుంది, ఇద్దరం కలిసి లెక్కపెడతాం. మొన్న నాకు పదహారు, అమ్మకి పదిహేడు వచ్చింది. అమ్మ లెక్కే సరైందట.

భోజనాల తర్వాత వెనక టేబుల్ దగ్గర ఉంటాను. మీ ఆక్సీమీటర్ తెచ్చుకున్నవాళ్ళు రండి, ఊపిరి లెక్కపెట్టడం ఇద్దరిద్దరు కూర్చుని నేర్చుకుందాం.